కంబళిలో పెరిగిన కుక్క

అనంతపురం వైపు నల్లబండపల్లె గుట్టల్లో గొర్రెలు కాచుకునే ఒన్నూరప్పకు ఒకటే యావ ఉండేది: ఊపిరున్న ప్రతి ప్రాణీ తనను చూసి మురిసిపోవాలి. ఊళ్ళోకి వెళ్తే నలుగురూ పలకరించాలి. ఎవరైనా పలకరించకుండా పోతే ఆ పూట సంగటి కూడా సహించేది కాదు. మనిషి చెడ్డవాడేం కాదు. గొర్రెకు ముల్లు గుచ్చుకుంటే తన కాలికి గుచ్చుకున్నంత విలవిల్లాడేవాడు. కానీ ఆ యావ మాత్రం యావే.

మందలో చాలావరకు అతని గొర్రెలే. పదమూడు మాత్రం అతని అక్క సిద్దక్కవి. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి అవే. ఆ గొర్రెలుంటేనే ఆమె పొయ్యి వెలిగేది. వాటిని తమ్ముడి మందలో కలిపి, తాను దొడ్డి ఊడ్చి, గొర్రెపిల్లల్ని సాకి, ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేది.

ఆ మందకు ఒక ముసలి కుక్క కాపలా ఉండేది. దానికి పేరు లేదు. మంద కుక్కకు పేరు పెట్టే అలవాటు వాళ్ళ ఇంట లేదు. కళ్ళు తెరిచిన కొద్ది రోజులకే కూనను తెచ్చి గొర్రెపిల్లల మధ్య వదిలేసేవాళ్ళు. అది వాటితోనే పడుకునేది, వాటితోనే ఆడుకునేది. సంగటి పెట్టేవాళ్ళు కూడా దాన్ని ముద్దు చేసేవాళ్ళు కాదు. అలా పెరిగిన ఆ ముసలి కుక్క పగలంతా మంద నడుమ బద్ధకంగా పడి ఉండేది. గొర్రె ఈనుతుంటే ముఖం పక్కకు తిప్పుకుని కాస్త దూరంలో కూర్చునేది, కాకిని కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. తోడేలు వాసన తగిలిందంటే చాలు, లేచి గొర్రెలకు అడ్డంగా నిలబడేది. గొర్రెలు కూడా బెదిరితే పరుగున వచ్చి దాని వెనక చేరేవి. పన్నెండేళ్ళలో అది ఒక్క పిల్లను కూడా పోనివ్వలేదు.

ఒన్నూరప్పకు మాత్రం దాని మీద గుర్రుగా ఉండేది.

"ఇన్నేళ్ళు నా చేత్తో సంగటి పెట్టాను. ఒక్కసారైనా నన్ను చూసి తోక ఆడించిందా అక్కా?" అని వాపోయేవాడు.

"అది నీ కుక్క కాదప్పా, గొర్రెల కుక్క" అని సిద్దక్క నవ్వేది.

ఒక ఎండాకాలం ఆ ముసలి కుక్క చనిపోయింది. సిద్దక్క పక్క ఊరి మందలోంచి ఒక కూనను తెచ్చి గొర్రెపిల్లల దొడ్డిలో వదిలింది. అంతలో కూతురి కాన్పు దగ్గరపడి, ఆమె మూడు నెలలు అక్కడికి వెళ్ళాల్సి వచ్చింది. పోతూ పోతూ తమ్ముడికి మరీ మరీ చెప్పింది.

"కూనను ఎత్తుకోవద్దు. ఏడ్చినా చూడొద్దు. నాలుగు రోజులు ఏడ్చి అదే గొర్రెపిల్లల్లో కలిసిపోతుంది."

ఒన్నూరప్ప బుద్ధిగా తలూపాడు.

ఆ సాయంత్రమే కూన కుయ్యి కుయ్యిమంది. ఒన్నూరప్ప కంచె దాకా వెళ్ళాడు. అది వచ్చి అతని వేలు నాకి, తోకతోపాటు నడుము కూడా ఊపింది. ఇక చూడాలి అతని సంబరం! పన్నెండేళ్ళ నుంచి ఎదురుచూసింది అదే మరి. "నాకోసమే ఏడుస్తోంది, పాపం" అనుకుని ఎత్తుకుని కంబళిలో చుట్టుకున్నాడు. మాణిక్యం అని పేరు కూడా పెట్టాడు.

మూడు నెలలకు సిద్దక్క తిరిగి వచ్చేసరికి కుక్క ఏపుగా ఎదిగి తమ్ముడి మంచం కింద పడుకుని ఉంది. గొర్రెల వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు. ఒక పొట్టేలు ఒన్నూరప్ప సంగటి పళ్ళెం దగ్గరికి మూతి చాచింది. మాణిక్యం గుర్రుమని లేచి దాన్ని దొడ్డి దాకా తరిమికొట్టింది.

"చూశావా అక్కా, నా మీద ఈగ కూడా వాలనివ్వడు" అని ఒన్నూరప్ప పొంగిపోయాడు.

సిద్దక్కకు నవ్వు రాలేదు.

"గొర్రెను చూసి గుర్రుమంటోంది, ఇది వాటినెట్లా కాస్తుందిరా? ఇంకా మించిపోలేదు. ఇవాళే దొడ్డిలో వదిలెయ్. నా బతుకంతా ఆ పదమూడు గొర్రెలే" అంది.

ఒన్నూరప్ప సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే దాన్ని దొడ్డిలో పెట్టి ముళ్ళకంప అడ్డం వేశాడు. మాణిక్యం కంపకు మూతి ఆనించి ఒకటే ఏడుపు. పొద్దు వాలకముందే అతని గుండె కరిగిపోయింది. నిజం చెప్పాలంటే కరగడం కాదు, ఉబ్బింది. తనకోసం ఇంతగా ఏడ్చే ప్రాణి అతనికి ఇంకొకటి లేదు. కంప తీసేశాడు.

"కుక్కజాతికి కాపలా ఒకరు నేర్పాలా? పెరిగితే అదే వస్తుందిలే" అని అక్కకు సర్దిచెప్పాడు.

తమ్ముడితో తగువు పడి గొర్రెల్ని తోలుకుపోవడానికి సిద్దక్కకు వేరే చోటు లేదు.

వానాకాలం చివరికొచ్చింది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఒన్నూరప్ప మందను వంక ఒడ్డున మేపుతున్నాడు. పైన ఎక్కడో పెద్దవాన పడి వంక ఎర్రనీళ్ళతో పొంగి పారుతోంది. అతను బండ చాటున కంబళి కప్పుకుని కూర్చున్నాడు. ఆ కంబళిలోనే మాణిక్యం అతని ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. గొర్రెల దగ్గర ఎవరూ లేరు.

ఉన్నట్టుండి మంద కకావికలైంది. తుప్పల్లోంచి రెండు తోడేళ్ళు వచ్చాయి. ఒన్నూరప్ప కర్ర అందుకుని లేచి, "ఉస్కో మాణిక్యం, పట్టు!" అన్నాడు. మాణిక్యం లేచింది. దానికి భయం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కోరలు చూపిస్తూ నిలబడింది. కానీ అది నిలబడింది ఒన్నూరప్ప ముందు. అతను గొర్రెల వైపు అడుగు వేస్తే కాళ్ళకు అడ్డం పడింది. పక్కకు తప్పుకుంటే అటూ వచ్చి అడ్డం పడింది. అతన్ని అక్కడి నుంచి కదలనివ్వలేదు.

అప్పుడు గొర్రెలు, ముసలి కుక్క రోజుల్లో అలవాటైనట్టే, కుక్క కనిపించిన వైపు పరుగెత్తుకొచ్చాయి. సిద్దక్క గొర్రెలు ముందున్నాయి. ఇంకో పది బారలు వస్తే బండ చాటుకు చేరేవి. మందంతా తన ఒన్నూరప్ప మీదికి వచ్చిపడుతోందని మాణిక్యం అనుకుంది కాబోలు. ఎదురెళ్ళి ముందున్న గొర్రె మూతిని కరిచింది. అవి బెదిరి పక్కకు తిరిగాయి. వెనక తోడేళ్ళు, ముందు కుక్క. ఇక వాటికి మిగిలింది వంక ఒక్కటే. ఒక గొర్రె దూకింది. గొర్రెల సంగతి తెలిసిందే, దాని వెనకే ముందు వరసలో ఉన్నవన్నీ దూకాయి. ఒన్నూరప్ప కేకలు వేస్తూనే ఉన్నాడు. ఎర్రనీళ్ళలో నల్లటి వీపులు కాసేపు కనిపించాయి. తర్వాత అవీ కనిపించలేదు.

సాయంత్రం సిద్దక్క వచ్చి వంక పొడుగునా నడిచి వెతికింది. ఆమె పదమూడింటిలో రెండే ప్రాణాలతో దొరికాయి. ఒకదాని మూతి మీద కుక్క కాటు ఉంది. ఆమె ఏడవలేదు. ఆ గొర్రె మూతిని కొంగుతో తుడుస్తూ బురదలోనే కూర్చుంది.

అక్క ముఖం చూడటానికి ఒన్నూరప్పకు సిగ్గేసింది. ఆ సిగ్గు కోపంగా మారి కుక్క మీదికి పోయింది. "నిన్ను కన్నబిడ్డలా పెంచానే" అంటూ కర్ర ఎత్తాడు. మాణిక్యం పారిపోలేదు. తోక ఆడిస్తూ అతని పాదాల దగ్గర వెల్లకిలా పడుకుంది.

"దాన్నెందుకు కొడతావు?" అంది సిద్దక్క. "దేన్ని కాయమని పెంచావో దాన్నే కాసింది. దాని మందలో ఉన్నది నువ్వొక్కడివే."

ఒన్నూరప్ప కర్ర దించాడు. తనకు మిగిలిన గొర్రెల్ని తీసుకోమని అక్కను బతిమాలాడు.

"తీసుకుంటే వాటినెవరు కాస్తారు?" అని ఆమె అడిగింది.

ఆ వారమే సిద్దక్క తన రెండు గొర్రెల్నీ పక్క ఊరి మందలో కలిపి, ఆ వయసులో శనక్కాయలు పీకే కూలికి వెళ్ళిపోయింది. తమ్ముడి గడప మళ్ళీ తొక్కలేదు. మాణిక్యం మాత్రం రోజూ పొద్దున్నే ఒన్నూరప్పను చూసి తోక ఆడించేది. ఒకప్పుడు దానికోసమే అంగలార్చిన ఒన్నూరప్ప ఇప్పుడు చూడలేక ముఖం తిప్పుకునేవాడు.

బలం లేనివాళ్ళకు అండగా ఉండాల్సిన ప్రేమను మన మురిపెం కోసం మనవైపు తిప్పుకుంటే, ఆపద వచ్చిన రోజున అది మనల్ని కాస్తుంది, వాళ్ళను ముంచుతుంది.