ద్రాక్ష పచ్చడిలో గాజు పెచ్చు

మేడ్చల్ దాటాక ద్రాక్షతోటల పక్కన ఉన్న ఒక చిన్న కాలనీలో, వంటలో ఎవరూ వంక పెట్టలేని, తన పొరపాటును మాత్రం ఎన్నడూ ఒప్పుకోని సుగుణ అనే ఆవిడ ఉండేది. పాలు పొంగిపోతే పొయ్యి మంట సరిగ్గా లేదనేది. చారులో ఉప్పెక్కువైతే ఈసారి వచ్చిన ఉప్పే అలాంటిదనేది. ఒకసారి భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ మాడ్చేసి కరెంటు వాళ్ళను తిట్టిపోసింది. భర్త రాజేశం నెమ్మదస్తుడు. "కరెంటు వాళ్ళకు నా చొక్కా మీద ఏం పగో" అని నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే తోటల వాళ్ళు రోడ్డు పక్కన పుల్లద్రాక్ష గుట్టలుగా పోసి అమ్మారు. పండిన ద్రాక్ష పచ్చడికి పనికిరాదు, మెత్తబడిపోతుంది. గట్టిగా, పుల్లగా ఉన్నవే కావాలి. సుగుణ అలాంటివి ఏరి తెచ్చుకుంది. కడిగి, పాత చీర మీద ఆరబోసి, ఒక్కో పండునూ తడి లేకుండా తుడిచింది. ఉప్పు, కారం, ఆవపిండి, కాస్త మెంతిపిండి కలిపింది. వెల్లుల్లి రెబ్బలు వేసి, ఇంగువ పోపు చల్లారాక పోసి, పెద్ద గాజు సీసాలోకి ఎత్తింది. నాలుగు రోజులు ఊరేసరికి పచ్చడి ఎర్రగా, పైన నూనె తేలుతూ చూడముచ్చటగా తయారైంది.

ఆ ఉదయం ఆమె చెల్లెలితో ఫోనులో మాట్లాడుతూనే స్టీలు గరిటెతో పచ్చడిని అడుగు నుంచి కలిపింది. గరిటె సీసా అంచుకు తగిలి టంగుమంది. సుగుణ విన్నది, కానీ మాటల్లో పడి చూడలేదు. రెండు చిన్న సీసాల్లోకి పచ్చడి తీసి ఒకటి పక్కింటి స్వరూపకు, ఇంకొకటి ఎదురింటి హైమకు ఇచ్చి వచ్చింది. స్వరూపకు నాలుగేళ్ళ కూతురుంది. ఆ పిల్ల పచ్చడన్నం అంటే పడిచస్తుంది. హైమ ఇంట్లో ఆమె తండ్రి నరసింహులు ఉంటాడు. ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాయి, ఆపరేషను కోసం ఎదురుచూస్తున్నాడు.

మిగిలిన పచ్చడిని సుగుణ జాడీలోకి మార్చి, ఖాళీ అయిన పెద్ద సీసాను కడగబోయింది. వేలికి ఏదో గరుకుగా తగిలింది. సీసా అంచున గోరంత పెచ్చు ఊడిపోయి ఉంది.

'కొన్నప్పుడే ఇలా ఉందేమో' అనుకుంది మొదట. కానీ పచ్చడి ఎత్తే ముందు ఆ సీసాను బట్టతో తుడిచింది తనే. అప్పుడు అంచు నున్నగానే ఉంది. సుగుణకు గరిటె టంగుమనడం గుర్తొచ్చింది. గట్టు మీద వెతికింది, నేలంతా వెతికింది. జాడీలో పచ్చడిని పళ్ళేల్లోకి తోడి వేళ్ళతో కెలికి చూసింది. పెచ్చు దొరకలేదు. అంటే అది స్వరూప సీసాలో ఉండాలి, లేదా హైమ సీసాలో.

పరుగున పక్కింటికి వెళ్ళింది. గుమ్మంలోకి వెళ్ళేసరికి పాత అలవాటు నోటికి అడ్డం పడింది.

"స్వరూపా, ఆ పచ్చడి ఇలా ఇచ్చెయ్. ఉప్పు సరిపోలేదు. మళ్ళీ కలిపి ఇస్తాను" అంది.

స్వరూప నవ్వింది. "ఉప్పుదేముందక్కా, నేను కలుపుకుంటాలే. నువ్వు మళ్ళీ శ్రమ పడకు."

"కాదు, మెంతిపిండి కూడా ఎక్కువైంది. చేదుగా ఉంటుంది."

"మా ఇంట్లో ఆ చేదే ఇష్టం. నీ చేతి పచ్చడి తిరిగి ఇచ్చేంత పిచ్చిదాన్నా?" అంటూ స్వరూప పొయ్యి మీద కూర చూసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

సుగుణ ఖాళీ చేతులతో బయటికి వచ్చింది. అసలు మాట చెబితే సీసా క్షణంలో చేతికొచ్చేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. కనీసం ఎదురింటి సీసా అయినా తెచ్చుకుందామని అటు నడిచింది.

హైమ ఆఫీసుకు వెళ్ళిపోయింది. తలుపు తీసే ఉంది. లోపల నరసింహులు భోజనానికి కూర్చున్నాడు. కళ్ళు సరిగ్గా ఆనక, వేళ్ళతో తడుముకుంటూ ద్రాక్ష పచ్చడి అన్నంలో కలుపుకుంటున్నాడు.

"ఎవరూ, సుగుణమ్మా? రా. వాసనకే నోరూరుతోంది. ఇదే మొదటి ముద్ద" అంటూ ముద్ద ఎత్తాడు.

సుగుణ ఒక్క అంగలో వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"తినకండి బాబాయిగారూ. పచ్చడిలో గాజు పెచ్చు ఉండొచ్చు. గరిటె తగిలి సీసా విరిగింది. నేనే విరగ్గొట్టాను. చూసుకోకుండా మీకిచ్చేశాను."

నరసింహులు ముద్దను పళ్ళెంలో వదిలేశాడు.

"ఇంకెవరికైనా ఇచ్చావా?" అని అడిగాడు.

"స్వరూపకు ఇచ్చాను."

"ఆమెకు చెప్పావా?"

సుగుణ తల వంచుకుంది. "ఉప్పు తక్కువైందని చెప్పాను."

"అయితే ఇక్కడెందుకు నిలబడ్డావు? ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉంది."

సుగుణ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. స్వరూప కూతురు కంచం ముందు కూర్చుని ఉంది. స్వరూప పచ్చడి సీసా మూత తిప్పుతోంది.

"ఆగు స్వరూపా. ఇందాక అబద్ధం చెప్పాను. అందులో గాజు ముక్క ఉందేమోనని భయంగా ఉంది. నా పొరపాటే" అంది సుగుణ వగరుస్తూ.

స్వరూప చెయ్యి ఆగిపోయింది. పిల్లను కంచం ముందు నుంచి లేపి, సీసా తెచ్చి సుగుణ ముందు పెట్టింది. ఇద్దరూ కలిసి పచ్చడిని తెల్లటి పళ్ళెంలో పలుచగా పరిచారు. ఒక వెల్లుల్లి రెబ్బను పక్కకు నెట్టగానే దాని కింద మసాలా అంటుకున్న గాజు పెచ్చు తళుక్కుమంది. సుగుణ దాన్ని కడిగి, ఇంటి నుంచి పెద్ద సీసా తెచ్చి దాని అంచుకు ఆనించి చూసింది. ఊడిన చోట సరిగ్గా అమరింది. ఇంకెక్కడా ముక్క లేదు.

సుగుణ అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. స్వరూప పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"ముందే చెప్పి ఉంటే అప్పుడే ఇచ్చేసేదాన్ని కదక్కా. నిన్నేమన్నా అనేదాన్నా?" అంది.

"నువ్వు అనవు. నేనే చెప్పలేకపోయాను" అంది సుగుణ.

పచ్చడి మొత్తం పెరట్లో గుంట తీసి పూడ్చేశారు. అంత మంచి పచ్చడి మట్టిపాలైనా సుగుణకు కొంచెం కూడా బాధ అనిపించలేదు. ఎదురింటికి వెళ్ళి, పెచ్చు దొరికిందని చెప్పి, నరసింహులుకు వేరే కంచంలో వేడి అన్నం, పప్పు వడ్డించింది. ఆయన తృప్తిగా తింటూ, "మళ్ళీ పెట్టినప్పుడు నన్ను మరిచిపోకు. ఈసారి చెక్క గరిటె వాడు" అన్నాడు. ఆ మాటకు ఆమె మనసు దూదిపింజలా తేలికైంది.

సాయంత్రం రాజేశం ఇంటికి రాగానే ఆమె జరిగిందంతా తనంతట తానే చెప్పింది, ఎవరి మీదికీ నెట్టకుండా. రాజేశం ఆశ్చర్యంగా భార్య ముఖంలోకి చూశాడు.

"నీ చేతికేం తెగలేదు కదా?" అని మాత్రం అడిగాడు.

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. వెంటనే ఒప్పుకుంటే పోయేది కాస్త పరువే, దాచిపెడితే అది ఎదుటివారి ప్రాణం మీదికి వస్తుంది.