వాసన మరిచిన ముంగిస

పిల్లలూ, సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పండి. అన్నం పళ్లెం పక్కన పుస్తకం తెరిచి పెట్టుకునేవాళ్లు మీలో ఎవరు? అలా చదివింది బుర్రలోకి వెళ్లిందా, పప్పులో కలిసిపోయిందా? నవ్వకండి! సరిగ్గా ఇలాంటి పనే ఒక ముంగిస చేసింది. కొద్దిలో ఒక ప్రాణం పోయేది.

అనగా అనగా, వాగుకు అవతల ఒక కొండ అడవి. దాని పేరు తేనెబండ. ఆ కొండ మీద చెంగి అనే ముంగిస ఉండేది. కొండ మీద వైద్యులు లేరు. ఎవరికి జబ్బు చేసినా వాగు దాటి ఇవతలి గట్టుకు రావాలి. వానాకాలం వాగు పొంగితే ఆ దారీ మూసుకుపోయేది. కిందటి వానల్లో చెంగి పిన్ని జ్వరంతో, వాగు దాటలేక అవతలి గట్టు మీదే కన్నుమూసింది. దాంతో చెంగి పట్టుబట్టింది.

"వైద్యం పట్టా తెచ్చుకుంటాను. మన కొండ మీదే మందిస్తాను" అంది.

పట్టా ఇచ్చేది ఇవతలి గట్టున బడి నడిపే ఎలుగుబంటి పంతులమ్మ. ఆమె పరీక్షంటే చిరుతపులికి కూడా కాళ్లు వణికేవి. ఎందుకంటారా? మందులన్నీ పొడులే. పొడి కొట్టాక ఏ ఆకో, ఏ వేరో కంటికి తెలియదు. కళ్లకు గంతలు కట్టుకుని, దొప్పల్లో పోసిన పొడులను వాసన చూసి పేరు చెప్పాలి. అది కూడా ఏడాదికి ఒకసారే, వానలకు ముందు.

ఆ బడిలో ఒక అలవాటు ఉంది. కాసిని పొడులు వాసన చూడగానే అందరూ లేచి వాగుకు పోవాలి. ముక్కు కడుక్కోవాలి. తడి ఇసుకలో ఊరికే కూర్చోవాలి. ఆ తర్వాతే మళ్లీ దొప్ప పట్టాలి.

చెంగికి ఇది నచ్చలేదు. "ఊరికే కూర్చోవడమూ ఒక చదువేనా?" అని ముందు వాగుకు పోవడం మానేసింది. తర్వాత తిండి తగ్గించింది. ఆ తర్వాత నిద్ర తగ్గించింది. దొప్ప మీద దొప్ప, పొడి మీద పొడి!

తోటి విద్యార్థి ముళ్లపంది బుడ్డయ్య ఒక దుంప పట్టుకొచ్చాడు. "ఒసే చెంగీ, ఇది తిను. నీ మొహం ఎండిన తుమ్మకాయలా అయిపోయింది."

"నీకేం బుడ్డయ్యా, తిని పడుకుంటావు. మా కొండ నా కోసం చూస్తోంది. పో అవతలికి!"

బుడ్డయ్య ముళ్లు ముడుచుకుని వెళ్లిపోయాడు.

ఒకనాడు పంతులమ్మ తేనె కోసం బయటికి వెళ్లింది. అప్పుడే ఒక ఉడుత కడుపు పట్టుకుని బడికి వచ్చింది. "అమ్మా చెంగీ, చచ్చిపోతున్నానే! మందేమైనా పెట్టవే!"

"వదినా, కంగారు పడకు" అంటూ చెంగి ఒక దొప్ప తీసి వాసన చూసింది. వాము పొడి అనుకుంది. ఉడుత నోటి దగ్గర పెట్టింది. ఇంతలో బుడ్డయ్య ముక్కెగరేసి ఒక్క దూకు దూకాడు. దొప్ప ఎగిరి కింద పడింది.

"అది ఉమ్మెత్త గింజల పొడే, తల్లీ! వదినను పైకి పంపిస్తావా?"

చెంగి కింద పడ్డ పొడిని మళ్లీ వాసన చూసింది. ఏమీ తెలియలేదు. పక్క దొప్ప చూసింది. అదీ అంతే. ప్రతి పొడీ ఉత్త దుమ్ములాగే ఉంది.

బుడ్డయ్య అసలు వాము వెతికి ఉడుతకు పెట్టాడు. పంతులమ్మ వచ్చేసరికి చెంగి మూల కూర్చుని ఏడుస్తోంది. జరిగిందంతా బుడ్డయ్య చెప్పాడు.

"నాకు తెలివి లేదు పంతులమ్మా. పట్టా నాకెందుకు? ఇంటికి పోతాను."

"నీ తెలివికేం? అలిసిపోయింది నీ ముక్కు. వెళ్లి పడుకో."

"పరీక్ష ముంచుకొస్తుంటే పడుకోవాలా?"

"ఉడుత నోట్లో ఉమ్మెత్త పోయబోయిన చదువు ఇంకా చదువుతావా?"

చదువు ఆపాలంటే చెంగికి భయమేసింది. అయినా ఆపింది. కడుపునిండా తింది. ఆదమరిచి నిద్రపోయింది. బుడ్డయ్యను క్షమించమని అడిగి, వాడితో ఇసుకలో పొర్లింది. కొద్ది రోజులకు గాలిలో ఏదో తగిలింది. ఎక్కడో దూరాన పడుతున్న వాన వాసన! "వచ్చింది, వచ్చింది!" అని ఎగిరి గంతేసింది. ఆ తర్వాతే మళ్లీ దొప్ప పట్టింది, వేళకు వాగుకు పోతూ.

పరీక్ష రోజు రానే వచ్చింది. గంతలు కట్టారు. చెంగి ఒక్కో పొడీ గుర్తుపట్టింది. చివరి దొప్ప దగ్గర ఆగిపోయింది.

పక్కనే పరీక్షకు కూర్చున్న నక్క అదే పొడి వాసన చూసి "పసుపు!" అని గట్టిగా అరిచేసింది.

"పంతులమ్మా, నా ముక్కు అలిసింది. కాసేపు బయటికి పోయొస్తాను" అంది చెంగి.

నక్క పకపకా నవ్వింది. "పరీక్ష మధ్యలో షికారా? పక్క కూడా వేయమంటావా?"

"ఊహించి చెప్పమంటావా నక్క బావా? ఊహ తప్పితే నీకు మార్కు పోతుంది. రోగికి ప్రాణం పోతుంది!"

పంతులమ్మ తల ఊపింది. చెంగి బయటికెళ్లి, గాలి పీల్చుకుని వచ్చింది. మళ్లీ వాసన చూసింది.

"ఇది వంట పసుపు కాదు. కస్తూరి పసుపు. పైపూతకే వాడాలి, లోపలికి ఇవ్వకూడదు."

నక్క గబగబా తన దొప్ప మళ్లీ వాసన చూసుకుంది. బుడ్డయ్య ఒక దొప్ప తప్పినా గట్టెక్కాడు. పంతులమ్మ చెంగి మెడలో పట్టాకు గుర్తుగా గవ్వ కట్టి, "తెలియనప్పుడు ఆగావు చూడు, అందుకే నిన్ను నమ్మి రోగుల్ని పంపగలను" అంది.

ఆ ఏడూ వాగు పొంగింది. కానీ తేనెబండ మీద ఎవరికి జ్వరమొచ్చినా గట్టు వైపు చూడలేదు. నేరుగా చెంగి గూటికి నడిచారు.

నీతి: విశ్రాంతి కూడా చదువులో భాగమే, దాన్ని మానేస్తే చదివిందే మనల్ని వదిలిపోతుంది. కాబట్టి పిల్లలూ, ఇప్పుడే లేవండి, పుస్తకం మూయండి, వాకిట్లోకి పోయి కాసేపు ఆడుకుని రండి.