సమాధి రాతి మీద ఉలి

తాళంచెవి ఉన్నవాడి మాటే వేదంగా చెల్లే రోజుల్లో, ఒక ఊళ్లో శౌరయ్య రాళ్లు చెక్కి బతికేవాడు. అతని భార్య ఇన్నాసమ్మ పోయింది. కతోలికుల అలవాటు ప్రకారం మరియమ్మను వేడుకునే జపమాలను ఆమె చేతులకు చుట్టి, శవపెట్టెను సమాధుల తోటకు తెచ్చారు. ఊళ్లో క్రైస్తవులందరికీ అదొక్కటే తోట. దాని తాళం ప్రొటెస్టెంటు సంఘ పెద్ద పరంజ్యోతిగారి దగ్గర ఉండేది.

ఆయన పెట్టెలోకి చూసి ముఖం చిట్లించాడు. "ఆ జపమాల తీసెయ్యి శౌరీ. మరియమ్మ ఎప్పుడో చనిపోయింది. చనిపోయినవాళ్లను మనకోసం ప్రార్థించమని అడగడమేంటి? వాళ్లకేం వినపడుతుంది? అది తీస్తేనే గేటు తీస్తాను."

నలభై ఏళ్లు ఆ పూసలు తిప్పిన చేతులవి. శౌరయ్యకు ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి ఉలి, సుత్తి తెచ్చాడు. గోడ దూకి, పరంజ్యోతిగారి తల్లి సమాధి ముందు కూర్చుని, రాతికి ఉలి ఆనించాడు.

"ఏం చేస్తున్నావురా?" గోడ అవతల నుంచి పెద్దాయన అరిచాడు.

"తప్పు దిద్దుతున్నానండి. 'ఈమె చనిపోలేదు, ప్రభువు సన్నిధిలో జీవించుచున్నది' అని పోయిన ఏడు మీరే నాచేత చెక్కించారు. పోయినవాళ్లు పోయినట్టేనని ఇప్పుడు మీరే అంటున్నారు. అందుకని చెరిపేస్తున్నా."

"చెయ్యి తియ్యి. మా అమ్మ ప్రభువు దగ్గర బతికే ఉంది."

"మీ అమ్మ ప్రభువు దగ్గర బతికే ఉంది. ప్రభువును కన్నతల్లి మాత్రం చచ్చిపోయిందా అయ్యా?"

గేటు తాళం తీసిన చప్పుడు వినపడేదాకా శౌరయ్య ఆ రాతి మీద నుంచి ఉలి తియ్యలేదు.