సైరన్ మోగితే పులిహోర

కొర్లరేవు పక్కనున్న అణు విద్యుత్ కేంద్రంలో పీతాంబరం అనే అధికారి ఉండేవాడు. ఎవరి ముఖంలోనూ భయం చూడలేని మెత్తటి మనిషి కావడంతో, చేదు మాట ఏదైనా సరే బెల్లం పూసి తప్ప చెప్పేవాడు కాదు.

కొర్లరేవు జాలర్ల ఊరు. ఇసుక మీద వలలు, వాకిళ్ళలో ఎండు చేపలు, ఇళ్ళ కప్పుల మీదుగా చూస్తే కేంద్రం గుమ్మటాలు. ఊరికీ కేంద్రానికీ మధ్య మాట నడపడం పీతాంబరం ఉద్యోగం. ఎవరేం అడిగినా ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ప్రమాదం ఉందా బాబూ?" అంటే, "అస్సలు లేదు" అనేవాడు. "వాడేసిన సరుకు ఏం చేస్తారు?" అంటే, "భద్రంగా దాస్తాం" అనేవాడు. ఆ అణు ఇంధనాన్ని ఎన్ని తరాలు దాచాలో, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పేవాడు కాదు. అడిగినవాళ్ళు చల్లబడి వెళ్ళిపోయేవారు. ఆయన మాత్రం చల్లబడేవాడు కాదు. కుర్చీలో కూర్చున్నంతసేపూ కాలు ఊపుతూనే ఉండేవాడు.

ఆ ఊళ్ళో గవరమ్మ అని ఎండు చేపలు అమ్మే ఆవిడ ఉండేది. మనసులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు. ఒకసారి కేంద్రం ఉద్యోగుల కాలనీలోకి చేపల తట్టతో వచ్చి పీతాంబరాన్ని నిలదీసింది.

"కోటర్సు ఇచ్చినారు. ఇస్కూలు కట్టినారు. మరి నీ పిల్లలేరీ బాబూ, ఎప్పుడూ కనబడరు?"

"విశాఖపట్నంలో చదువుకుంటున్నారమ్మా. అక్కడ చదువులు బాగుంటాయి."

"చదువులేనా? గాలి కూడా బాగుంటాదా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. పీతాంబరమూ నవ్వేశాడు. కానీ ఆ మాట గొంతులో చేప ముల్లులా ఇరుక్కుపోయింది. రోజూ పిల్లలకు ఫోన్ చేసేవాడు. తిన్నారా, దగ్గు తగ్గిందా, రోడ్డు చూసుకుని దాటుతున్నారా అని అడిగిందే అడిగేవాడు. వాళ్ళను చదువు కోసమే అంత దూరం పంపాడా అని తనను తాను అడగడానికి మాత్రం ఆయనకు ధైర్యం చాలేది కాదు.

కేంద్రం చుట్టూ ఉన్న ఊళ్ళకు ఏటా ఒక అభ్యాసం చేయించాలని నిబంధన ఉండేది. సైరన్ మోగుతుంది. మోగగానే ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళి, తలుపులూ కిటికీలూ మూసుకుని, మైకులో చెప్పేదాకా బయటికి రాకూడదు. మొదటి ఏడు అలాగే చేశారు. సైరన్ కూత వినగానే ముసలివాళ్ళు దేవుళ్ళకు మొక్కుకున్నారు. నిండు చూలాలు ఒకామె స్పృహ తప్పింది. మర్నాడు పేపర్లో "భయం గుప్పిట్లో కొర్లరేవు" అని పడింది.

కేంద్రం పెద్ద అధికారి మహీధర్ పీతాంబరాన్ని పిలిపించాడు.

"ఏమిటండీ ఇది? అభ్యాసం చేయించమన్నాం గానీ, ఊరిని ఏడిపించమన్నామా? రేపు కొత్త గుమ్మటాలకు జనం ఒప్పుకోవాలి. ప్రజాభిప్రాయ సభ పెట్టాలి. ఇలా ఏడిస్తే ఎవరు ఒప్పుకుంటారు?"

"ఇకమీదట ఎవరూ ఏడవరండీ" అన్నాడు పీతాంబరం.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి ఏడు గేటు ముందున్న మైదానంలో షామియానా వేయించాడు. సైరన్ మోగగానే అందరూ అక్కడికి రావాలని దండోరా వేయించాడు. వచ్చినవాళ్ళకు, ముప్పు వేళ మింగాల్సిన అయొడిన్ మాత్రల బదులు పిప్పరమెంటు బిళ్ళలు పంచాడు. తలా ఒక పులిహోర పొట్లం పెట్టాడు. ఒక వీధి నాటకం కూడా వేయించాడు. అందులో ముఖానికి రంగు పూసుకున్నవాడొకడు "ముప్పొచ్చింది బాబోయ్! పారిపోండి బాబోయ్!" అని అరుస్తూ పరిగెత్తి, పంచె తట్టుకుని బోర్లా పడేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. "చూశారా, భయపడాల్సింది ఏమీ లేదు!" అని పీతాంబరం మైకులో ముగించేవాడు.

ఆ పై ఏడు పులిహోరకు లడ్డూ తోడైంది. కొర్లరేవు తల్లులు మారాం చేసే పిల్లలతో, "ఏడవకు, కూత కూస్తే పులిహోరొస్తాది" అనడం మొదలుపెట్టారు. నవ్వు ముఖాల ఫొటోలు చూసి మహీధర్ మురిసిపోయాడు. "జనం ఒప్పుకోవడమంటే ఇదండీ!" అని భుజం తట్టాడు.

అలాంటి ఒక సంబరం మధ్యలో గవరమ్మ, తన పొట్లం పట్టుకుని పీతాంబరం దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఒక మాట. నిజంగా ఆ కూత వొస్తే ఏటి సెయ్యాల? మొదటేడు లాగ తలుపేసుకోవాలా, ఈడికే రావాలా?"

"నిజంగా రాదమ్మా."

"రానిదానికి కూత ఎందుకు కట్టినారు?"

పీతాంబరం నోరు తెరిచాడు. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకోవాలి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ చూశాడు. పిల్లలు లడ్డూలు పట్టుకుని గంతులేస్తున్నారు. నవ్వుతున్నవాళ్ళ దగ్గర ఇప్పుడా మాట ఎందుకులే అనుకున్నాడు.

"ఇంకో పొట్లం తీసుకో అమ్మా" అన్నాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక ఉదయం, ఎవరూ అనుకోకుండా సైరన్ మోగింది.

లోపల ఒకచోట ఆవిరి కారింది. ఒక మీటరు ముల్లు ఉండాల్సిన చోటు దాటి పైకి పోయింది. మీటరు తప్పో, ముప్పు నిజమో తేలలేదు. తేలేదాకా సైరన్ మోగించాలని నిబంధన. పీతాంబరానికి ఫోన్ వచ్చింది. "ఊరివాళ్ళు ఇళ్ళలోంచి కదలకూడదు. వెంటనే చూడండి" అన్నారు.

ఆయన గేటు దాటి బయటికి పరిగెత్తాడు. ఎదురుగా కనిపించింది చూసి ఆగిపోయాడు.

ఊరు ఊరంతా మైదానం వైపు వస్తోంది. చేతుల్లో గిన్నెలు, క్యారియర్లు. భుజాల మీద పిల్లలు. గవరమ్మ తన భర్త దాసయ్యను చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. ఆయనకు చూపు లేదు. గాలి కేంద్రం వైపు నుంచి సరిగ్గా ఆ మైదానం మీదికే వీస్తోంది.

"వెనక్కి వెళ్ళండి! ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకోండి! ఇది నిజం!" అని పీతాంబరం అరిచాడు.

మైదానమంతా నవ్వింది.

"ఓరోరి, ఈ యేడు బాబే ఏసం కట్టినాడ్రా!"

"షామియానా ఏదీ? వంటింకా అవనేదేటి?"

"అయ్యో, నమ్మండి! చేతులెత్తి మొక్కుతున్నాను! ముప్పొచ్చింది!"

"గొంతు బాగుంది గానీ బాబూ, ఓసారి బోర్లా పడితే ఇంకా రక్తి కడతాది!"

చప్పట్లు కొట్టారు. ఆయన ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా నవ్వారు. వెనక నుంచి ఇంకా జనం వస్తూనే ఉన్నారు. పీతాంబరానికి ఏం చేయాలో తోచలేదు. అరవడం మానేసి, జనంలోకి దూరి, గవరమ్మ ముందు నిలబడ్డాడు.

"గవరమ్మా, నాకు భయంగా ఉంది" అన్నాడు మెల్లగా.

ఆ మాట ఆయన నోటి నుంచి ఆమె ఎప్పుడూ వినలేదు. "ఏటి బాబూ?" అంది.

"లోపల ఏమైందో నాకు తెలియదు. పెద్దదో చిన్నదో తెలియదు. కూత వస్తే ఏం చెయ్యాలని ఆనాడు నువ్వడిగావు. ఇంట్లోకి పోయి తలుపు వేసుకోవాలి. నాకు తెలిసీ చెప్పలేదు."

గవరమ్మ ఆయన ముఖంలోకి తేరిపార చూసింది.

"నీ పిల్లలే ఈడుంటే ఏటి సేసీవోడివి?"

"రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయి ఇంట్లో పెట్టి తలుపేసేవాణ్ణి."

అంతే. గవరమ్మ చేతిలోని గిన్నె జారిపోయింది. ఆమె వెనక్కి తిరిగి, రేవు దాకా వినబడే గొంతుతో కేక పెట్టింది.

"ఏసం కాదర్రా! నిజం! పిల్లల్నెత్తుకోండి! ఇళ్ళకి నడండి!"

నవ్వు ఆగిపోయింది. ముందున్నవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. వెనకున్నవాళ్ళు ఇంకా ముందుకే వస్తున్నారు. తోపులాట మొదలైంది. గవరమ్మ చేతిలోంచి దాసయ్య చెయ్యి జారింది. చూపులేని ఆ ముసలాయన ఎటు తిరగాలో తెలియక అక్కడే గిర్రున తిరిగి కిందపడ్డాడు. ఆయన మీదుగా ఎందరో వెళ్ళిపోయారు. పీతాంబరం ఎత్తుకుని బయటికి తెచ్చేసరికి తుంటి ఎముక విరిగిపోయింది.

మధ్యాహ్నానికి సంగతి తేలింది. కారిన ఆవిరి కొంచెమే. అది గోడల లోపలే ఆగింది. బయటికి ఏమీ రాలేదు. పీతాంబరం ఊపిరి పీల్చుకుని ఊళ్ళోకి పరిగెత్తాడు.

"ఏమీ జరగలేదు! ఏ ముప్పూ లేదు!" అని వీధి వీధీ తిరిగి చెప్పాడు.

ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"ఎప్పుడూ ఆ మాటేగా అనీవోడివి!" అని ఒక కిటికీలోంచి ఎవరో అన్నారు.

ఆయన చెప్పింది ఈసారి అక్షరాలా నిజం. అయినా ఎవరూ నమ్మలేదు. కొందరు ఇళ్ళకు తాళాలు వేసి చుట్టాల ఊళ్ళకు పోయారు. పట్నం వ్యాపారులు కొర్లరేవు చేప అంటేనే ముఖం తిప్పుకున్నారు. మంచి వంజరం చేప రేవులోనే కుళ్ళిపోయింది. పీతాంబరానికి అన్నం సయించలేదు. ఒకచోట నిలవలేక ఊరికీ ఆసుపత్రికీ మధ్య తిరిగాడు.

ఆసుపత్రిలో గవరమ్మ భర్త మంచం పక్కన కూర్చుని ఉంది.

"ఆవిరి మమ్మల్నేటీ సెయ్యనేదు బాబూ" అంది ఆమె. "నీ పులిహోరే మా ముసిలోడి తుంటి ఇరగ్గొట్టింది."

ఆయన తల దించుకున్నాడు.

ప్రజాభిప్రాయ సభ దగ్గరపడింది. మహీధర్ మళ్ళీ పిలిపించాడు.

"జనం బెదిరిపోయి ఉన్నారు. ఈసారి అభ్యాసం ఇంకా ఘనంగా జరగాలి. ఖర్చుకు చూడకండి. బిర్యానీ పెట్టించండి."

"ఇక ఏమీ పెట్టనండీ."

"మీకేమైనా మతిపోయిందా? జనం భయపడతారు!"

"భయపడితే తలుపులు వేసుకుంటారండీ. నవ్వితే బయటికొస్తారు" అన్నాడు పీతాంబరం. ఉద్యోగం పోతుందేమోనని భయం వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

సభలో ఆయన మైకు ముందు నిలబడ్డాడు. ముప్పు తక్కువే గానీ బొత్తిగా లేకపోలేదని చెప్పాడు. వాడేసిన సరుకును మన మునిమనవల మునిమనవలు కూడా కాపలా కాయాలని, ఆ ఖర్చు కలిపితే కరెంటు తాము చెప్పినంత చవక కాదని చెప్పాడు. కేంద్రం వద్దనుకుంటే బొగ్గు కాల్చాలి, ఆ పొగకూ జనం బలవుతున్నారని కూడా చెప్పాడు. కొన్ని ప్రశ్నలకు "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అన్నాడు. కొందరు తిట్టారు. కొందరు చప్పట్లు కొట్టారు. కొత్త గుమ్మటాలు కావాలని కొందరు, వద్దని కొందరు పొద్దు వాలేదాకా పోట్లాడుకున్నారు. సభ ఏమీ తేల్చలేదు. కానీ ఆ ఊరు కేంద్రం గురించి ఉన్న విషయం మీద పోట్లాడుకోవడం అదే మొదటిసారి. మహీధర్ మాత్రం ఆయనతో మాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత పీతాంబరం గడప గడపా ఎక్కాడు. సైరన్ మోగితే ఏ కిటికీ మూయాలో, నీళ్ళు ఎలా మూతపెట్టుకోవాలో, ముసలివాళ్ళను ఎవరు లోపలికి తేవాలో ప్రతి ఇంట్లోనూ చూపించాడు. చూపించిందే మళ్ళీ చూపించాడు. భయపడినవాళ్ళను భయపడనిచ్చాడు.

మళ్ళీ అభ్యాసం రోజు వచ్చింది. సైరన్ కూసింది. షామియానా లేదు, నాటకం లేదు. పీతాంబరం కొర్లరేవు సందుల్లో నడిచాడు. ఒక్క మనిషి కనబడలేదు. ఆరబోసిన చేపల మీద కాకులు వాలి పీక్కు తింటున్నాయి. తోలడానికి ఎవరూ బయటికి రాలేదు. తలుపుల వెనక ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటే ఆయన ప్రాణం విలవిల్లాడింది. నడుస్తూ నడుస్తూ గవరమ్మ ఇంటి ముందు ఆగాడు. లోపల కర్ర సాయంతో లేచి తిరుగుతున్న దాసయ్య ఎలా ఉన్నాడోనని మనసాగక తలుపు తట్టాడు.

"ఎవులది?"

"నేనమ్మా, పీతాంబరాన్ని. తాత ఎలా ఉన్నాడో చూసిపోతాను. ఒక్కసారి తలుపు తియ్యి."

"తియ్యను."

"నేనేనమ్మా!"

"నువ్వయితే మరీ తియ్యను! మైకులో సెప్పేదాకా ఎవులొచ్చినా తియ్యొద్దని సెప్పింది నువ్వు కాదేటి? కూత కూస్తంటే నడివీధిలో నీకేటి పని? పో, నువ్వూ ఎక్కడో దూరి తలుపేసుకో!"

పీతాంబరం కళ్ళు తుడుచుకున్నాడు. గబగబా పక్కనున్న వలల కొట్టులోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

ఎదుటివాళ్ళ భయం పోగొట్టాలని ముప్పును దాచేవాడు వాళ్ళ జాగ్రత్తను కూడా పోగొడతాడు. అందుకే ముప్పు ఎంత ఉంటే అంతే చెప్పాలి, తెలియనిది తెలియదనే చెప్పాలి.