రెండు ట్యూబుల రక్తం

సుగుణకి మేష్టారి మీద అలక వచ్చింది. వారం రోజులుగా ఆయన ఔననీ అనడం లేదు, కాదనీ అనడం లేదు.

విశాఖపట్నంలో కూర్మారావు మేష్టారి ప్రయోగశాలలో చేరిన దగ్గర్నించీ ఆమెది ఒకటే పని. రక్తాన్ని యంత్రంలో గిర్రున తిప్పితే పసుపుపచ్చటి ద్రవం పైకి తేరుతుంది. అందులోంచి ఒక బొట్టు తీసి ఎండబెట్టి, కంటికి కనపడని పరారుణ కాంతిని దాని మీదికి పంపాలి. ఆ కాంతిని బొట్టు ఎక్కడ ఎంత పీల్చుకుందో తెర మీద ఒక గీతగా వస్తుంది, కొండల వరసలాగా. క్యాన్సర్ ఉన్నవాళ్ళ గీతకీ లేనివాళ్ళ గీతకీ ఉండే తేడా మనిషి కంటికి ఆనదు. అందుకని ఆమె ఆ గీతలన్నీ కంప్యూటర్‌కి చూపించి, ఏది ఎవరిదో చెప్పి, తేడా పట్టుకోవడం దానికి నేర్పింది.

అది నేర్చుకుంది కూడా. నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గా చెబుతోంది.

సుగుణ పిన్ని రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. జబ్బు సంగతి బాగా ముదిరాక గానీ తెలియలేదు. ఇప్పుడు ఒక ఆసుపత్రివాళ్ళు ఈ పరీక్షతో పల్లెల్లో శిబిరాలు పెడతామని ముందుకొచ్చారు. మేష్టారు సరేనంటే చాలు. ఆ ఒక్క మాటే ఆయన నోట రావడం లేదు.

సోమవారం పొద్దున్న ఆయన రెండు రక్తపు ట్యూబులు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టారు.

"వీటిని కూడా చూడమ్మా."

"ఎవరివండీ?"

"తెలిసినవాళ్ళవే."

మధ్యాహ్నం ఆయన ప్రయోగశాలలోనే క్యారేజీ విప్పుకుని కూర్చున్న వేళకి సుగుణ వచ్చింది. "మొదటాయనకి క్యాన్సర్ ఉందండి. రెండో ఆయనకి ఏమీ లేదు."

"నమ్మకమేనా?"

"రెండింట్లోనూ అనుమానానికి చోటే లేదండి."

"అయితే మొదటాయనకి చెప్పాలి కదా."

"చెప్పాలండి. మీకు తెలిసినవారన్నారు కాబట్టి మీరు చెబితేనే బాగుంటుంది."

మేష్టారు చొక్కా చేతులు పైకి మడిచారు. ఎడమ మోచేతి మడతలో చిన్న ప్లాస్టర్ ఉంది. కుడి చేతికీ అలాంటిదే ఉంది.

"రెండూ నావే," అన్నారు.

సుగుణకి మొదటి ట్యూబే గుర్తొచ్చింది. రెండోదాంట్లో ఏమీ లేదని వచ్చిన సంగతి తట్టనే లేదు. "మేష్టారూ, అంటే మీకు..."

ఆయన తాపీగా పెరుగన్నం కలుపుకుంటున్నారు. "కంగారు పడకు. ఏ చేతికి మందు వేసుకోవాలో అది చెప్పు."

సుగుణ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత తన బల్ల వైపు చూసింది. క్యాన్సర్ అని వచ్చిన ట్యూబుకి పసుపు మూత. ఏమీ లేదని వచ్చినదానికి ఊదా మూత.

రోగుల రక్తమంతా ఆసుపత్రి నించి పసుపు మూతల ట్యూబుల్లోనే వచ్చింది. ఆరోగ్యవంతులదంతా రక్తదాన శిబిరం నించి ఊదా మూతల్లో వచ్చింది. ఊదా మూతవాటిలో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. ఆ మందు కూడా కాంతిని పీల్చుకుంటుంది. కంప్యూటర్ పట్టుకున్నది ఆ మందు జాడని.

పల్లెలకని సిద్ధం చేసిన ట్యూబులన్నీ ఊదా మూతలవే. శిబిరాలు మొదలై ఉంటే, వచ్చిన ప్రతి మనిషికీ, పిన్నిలాంటి వాళ్ళకి కూడా, ఏమీ లేదని చెప్పి ఇంటికి పంపేసేవాళ్ళు.

"ఇన్నాళ్ళూ అది నేర్చుకున్నది ఏ ట్యూబో చెప్పడమా మేష్టారూ?"

"పాపం, అది బుద్ధిమంతురాలు. మనం చూపించిందే నేర్చుకుంది."

"మీకు ఎప్పుడు అనుమానం వచ్చిందండీ?"

"అనుమానం కాదు, భయం. తొంభై తొమ్మిది అన్నావు చూడు, అప్పట్నించీ."

"ఆ మాట నాకు చెప్పొచ్చు కదండీ."

"చెబితే వాదించేదానివి."

సుగుణకి ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ సాయంత్రమే ఆసుపత్రికి ఫోన్ చేసి, శిబిరాలు ఇప్పుడు వద్దని తనే చెప్పింది.

మళ్ళీ మొదటికొచ్చింది పని. జబ్బు ఉన్నవాళ్ళ రక్తం, లేనివాళ్ళ రక్తం ఒకేచోట, ఒకే రకం ట్యూబుల్లో తీయించింది. ఏది ఎవరిదో తనకి కూడా తెలియకుండా కలిపేయించింది. వానాకాలం వచ్చి వెళ్ళింది.

ఒకనాడు మేష్టారి గది గుమ్మంలో నిలబడి, తల వంచుకుని చెప్పింది. "ఎనభై దాటట్లేదండీ."

ఆయన లేచి వచ్చి తెర ముందు కూర్చున్నారు. గీతలన్నీ ఒక్కొక్కటే చూశారు. తర్వాత మనిషిని పంపి మాడుగుల హల్వా తెప్పించి, ప్రయోగశాలలో అందరికీ పంచమన్నారు.

సుగుణ చేతిలో హల్వా పట్టుకుని అలాగే నిలబడింది. "తగ్గిందండీ మేష్టారూ. తగ్గినందుకు మిఠాయా?"

"తినమ్మా," అన్నారాయన. "ఇప్పుడే కదా అది రక్తం వంక చూడ్డం మొదలెట్టింది."