రంభకు తల్లి ఎర్రక్క

విననోళ్లు లేచిపోండి, నేను మాత్రం చెప్పక మానను. కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో ఒక రాజు గుడి కట్టించాడట. కట్టించింది రాజు. రాళ్లు మోసింది ఎర్రక్క, ఆమె కూతురు మాచి.

పన్నెండేళ్లు మోశారు. గుడి పూర్తికావచ్చే వేళ బండ జారి మాచి మీద పడింది. బిడ్డ ముఖం చితికి, అక్కడే ప్రాణం పోయింది. ఆనాటి నుంచి కళ్లు మూస్తే ఎర్రక్కకు ఆ చితికిన ముఖమే. మునుపటి ముఖం ఎంత తలుచుకున్నా రాదు.

పని ముగించుకుని ఊరు విడిచి పోతున్న శిల్పి కేతోజు ఆమె గుడిసె దగ్గర ఆగాడు.

"అక్కా, లోపల స్తంభం మీది రంభకు నీ మాచి ముఖమే పెట్టినా. పోయి చూసుకో."

ఎర్రక్క పరుగెత్తింది. అప్పటికే గుడిలో దేవుణ్ణి నిలబెట్టేశారు. కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు.

"మీ జాతోళ్లు రాకూడదు. మైల."

"నిన్నటిదాకా నా తలమీదే కదరా ఈ గుడి లోపలికి పోయింది!"

"అప్పుడు రాళ్లు. ఇప్పుడు దేవుడు."

చూశారా, రాళ్లు మోసినన్నాళ్లూ అంటని మైల దేవుడు దిగగానే అంటుకుంది!

ఎర్రక్క వాకిట్లోనే కూలబడింది. పూజారి బయటికొచ్చాడు.

"సామీ, స్తంభం మీది రంభకు నా బిడ్డ ముఖమే పెట్టినారంట. నా బిడ్డ నవ్వుతోందా?"

పూజారి తన నీడైనా ఆమెకు తగలకుండా తప్పుకుపోయాడు.

షావుకారు వచ్చాడు.

"అయ్యా, నా బిడ్డ నవ్వుతోందా?"

"రంభ నీ బిడ్డటే! అయితే ఇంద్రుడు నీకు అల్లుడా?"

దొరగారి కోడలు వచ్చింది.

"అమ్మా, నా బిడ్డ నవ్వుతోందా?"

"ఏమో, తలెత్తి చూడలేదు. మెడ నొప్పి నాకు."

ఎండలు పోయాయి. వానలు పోయాయి. చలి దిగింది. అడిగి అడిగి ఎర్రక్క గొంతు పోయింది. ఒక పొద్దున కూచున్నచోటే బిగుసుకుపోయి ఉంది. ఈడ్చుకుపోయి ఎక్కడో పారేశారు.

ఆ రోజు దొర కోడలు వచ్చేసరికి వాకిట్లో అడిగే మనిషి లేదు. ఏమనిపించిందో, లోపల మొదటిసారి తలెత్తి చూసింది. పిల్ల పళ్లు కనపడేట్టు నవ్వుతోంది. బయటికొచ్చి ఉత్త నేలతో, "నీ బిడ్డ నవ్వుతోందమ్మా" అంది. ఎవరు వినాలి?

ఇప్పటికీ ఆ గుడికెళ్లిన ఆడవాళ్లు వాకిట్లో వంగి ఆ మాట చెప్పందే ఇంటిదారి పట్టరు. ఎప్పుడో పైకప్పు కూలి రంభ ముఖం రాలిపోయింది. మెడ మీద ఉత్త రాయి. అయినా, "నవ్వుతోందమ్మా" అనే చెప్తారు.

ఆ ముఖమూ, అడిగే తల్లీ ఉన్ననాడు ఒక్కరికీ నోరు రాలేదు.