గొలుసు యంత్రంలో కుండపెంకు

గంట మోగలేదు. పొద్దుటినుంచి ఇది ఎన్నోసారో భ్రమర లెక్కపెట్టడం కూడా మానేసింది. రేపే గురుపూజ. మోగించి తీరతానని అందరి ముందూ మాటిచ్చింది తనే.

నల్లమల కొండవాలులో ఉన్న ఆ ఆశ్రమానికి చిన్న బడి ఒకటుంది. అక్కడి గురువుగారు ధ్యానం చెప్పిన నోటితోనే సైన్సూ చెబుతారు. పోయిన నెల తరగతి గదిలో ఓ మాట అన్నారు.

"గురుపూజనాడు భోజనాల గంట ఎవరూ చేత్తో కొట్టకూడదు. ఒక గోళీ వదలాలి. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయి, ఆఖరికి గంట దానంతటదే మోగాలి. మోగితేనే వడ్డన. ఎవరు చేస్తారు?"

అడగడమే ఆలస్యం, భ్రమర చెయ్యి లేచింది. ఆ పిల్ల బుర్ర పాదరసం. నోరూ అంతే అనుకోండి. మద్దిలేటినీ ఖాసింబీనీ జట్టులో చేర్చుకుని పనులు పంచేసింది. మద్దిలేటిది వెదురు దోనె. లారీ బేరింగులోంచి తీసిన ఇనప గోళీ అందులో దొర్లి గరిటెలో పడాలి. ఖాసింబీది గరిటె, దాని వెనక నిలబెట్టిన పలకల వరస. గరిటె వంగితే దారం లాగి మొదటి పలక పడాలి, దాంతో మిగతావన్నీ పటపటా పడాలి. ఆఖరి పలక తగిలి చీల ఊడితే, చెక్క సుత్తి ఊగి గంటని కొట్టాలి. చీలా సుత్తీ గంటా భ్రమరవి. గంట మోగించేది తనే కావాలి మరి!

ఊరికే కాదు. ఆత్మకూరులో సైకిల్ షాపు నడిపే వాళ్ల నాన్న సోమన్న, రేపు మొదటిసారి బడికి వస్తున్నాడు. పాడైన మిషను ఏదైనా ఆయన చెయ్యి పడితే కదలాల్సిందే. అలాంటి మనిషి నోటివెంట ఒక్కసారి "భలే" అనిపించుకోవాలని ఆ పిల్ల ప్రాణాలన్నీ ఆ గంటమీదే పెట్టుకుంది.

తమాషా ఏమిటంటే, ముగ్గురి ముక్కలూ విడివిడిగా బ్రహ్మాండంగా పనిచేశాయి. కలిపితే చాలు, కొంప కొల్లేరే. గోళీ దోనె చివర ఎగిరి, గరిటె అంచుకి తగిలి, గది మూలకి పోయింది.

"నా దోనె బాగానే ఉంది. ఖాసింబీయే గరిటె దూరంగా పెట్టింది" అన్నాడు మద్దిలేటి.

"నా గరిటెకేమైంది? నీ గోళీకే పొగరు" అంది ఖాసింబీ.

ఒక్కసారి మాత్రం ఎలాగో గరిటెలో పడింది. పలకలూ పడ్డాయి. ఆఖరి పలక చీలకి జానెడు దూరంలో చతికిలబడింది.

"చీల నిన్న ఇక్కడ కదా ఉంది? ఎవరు జరిపారు?" ఖాసింబీ అడిగింది.

"నేనే. సుత్తికి ఊపు చాల్లేదు" అంది భ్రమర.

"నాకు చెప్పొద్దూ?"

"నా చీల జరపడానికి నీ అనుమతి కావాలా?"

ఇంకేముంది, ముగ్గురికీ మాటా మాటా పెరిగింది. భ్రమరకి చిర్రెత్తుకొచ్చి గదిలోంచి విసవిసా నడిచి, వరండాలో గోంగూర ఒలుస్తున్న గురువుగారి ముందు నిలబడింది.

"గురువుగారూ, వాళ్లిద్దరితో నావల్ల కాదు. మొత్తం నేనొక్కదాన్నే చేసుకుంటాను."

"సరే" అన్నారు గురువుగారు.

కాదంటారని పోట్లాటకి సిద్ధపడి వచ్చిన పిల్ల బిత్తరపోయింది.

"నీళ్ల వేళయింది. ముందు ఆ పని కానీ, పద" అని ఆయన లేచారు.

ఆశ్రమానికి మోటారు ఉంది, పైపు ఉంది. అయినా వంటనీళ్లు మాత్రం కింద ఊటనుంచి కుండల్లోనే రావాలి. మెట్ల పొడుగునా పిల్లలూ పెద్దలూ వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ పైకి పంపుతారు. ఆ వరసకి నియమం ఒక్కటే. అందుకునే మనిషి "ఊఁ" అనాలి. అది చెవిన పడేదాకా ఇచ్చే మనిషి కుండ వదలకూడదు. కొత్తలో అందరూ పాటిస్తారు. చెయ్యి తిరిగాక భ్రమరలాంటి చురుకైనవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది?

ఆవేళ భ్రమరకి పైమెట్టుమీద గురువుగారే నిలబడ్డారు. కుండలు కదిలాయి. అందుకోవడం, ఇవ్వడం, అందుకోవడం, ఇవ్వడం. భ్రమర మనసంతా చీలమీదే ఉంది. మరో కుండ వచ్చింది. పైకి అందించింది. గురువుగారి చేతులు ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆయన "ఊఁ" అనలేదు. ఆమె వదిలేసింది.

ఢభేల్!

నీళ్లు ఇద్దరి కాళ్లనీ తడిపేశాయి. కింద వరసంతా ఆగిపోయి తలలెత్తి చూసింది.

"నేను సరిగ్గానే ఇచ్చాను కదండీ!" అంది భ్రమర, ఏడుపు గొంతుతో.

"నేనూ సరిగ్గానే నిలబడ్డానమ్మా" అన్నారు గురువుగారు, తడిసిన పంచె పిండుకుంటూ.

గురువుగారు వంగి పెంకులు ఏరడం మొదలెట్టారు. భ్రమర కూడా కూర్చుని ఏరింది. కుండ మెడ దగ్గరిది, దోసిలిలా ఒంపు తిరిగిన పెద్ద పెంకు ఒకటి చేతికి వచ్చింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్కసారి కళ్లు పెద్దవయ్యాయి.

"గురువుగారూ, నేను..."

"వెళ్లు, వెళ్లు" అన్నారాయన.

పెంకు చున్నీ చెంగులో మూటగట్టుకుని ఒకటే పరుగు!

తరగతి గదిలో మిగతా ఇద్దరూ చెరో గోడకి మొహం పెట్టి కూర్చున్నారు.

"ఒరేయ్ మద్దిలేటీ, లే. ఖాసింబీ, నువ్వూ రావే. ఎవరి ముక్క దగ్గర వాళ్లం వద్దు. ముగ్గురం ఇక్కడ కూర్చుందాం" అంటూ దోనెకీ గరిటెకీ మధ్య ఖాళీ నేల చూపించింది భ్రమర.

ముగ్గురూ చెంపలు నేలకి ఆనించి పడుకున్నారు. గోళీ వదిలారు. అది ఎక్కడ ఎగురుతోందో మొదటిసారి ముగ్గురి కళ్లూ కలిసి చూశాయి.

"నేను దోనె కాస్త దించుతా" అన్నాడు మద్దిలేటి.

"నేను గరిటె కాస్త జరుపుతా. అయినా చాలదేమో" అంది ఖాసింబీ.

భ్రమర ఆ సందులో పెంకు పెట్టింది. గోళీ వచ్చి, పెంకు ఒంపులో ఒక్క చుట్టు తిరిగి, బుద్ధిగా గరిటెలోకి దిగింది.

"ఊఁ!" అని అరిచింది ఖాసింబీ. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

నవ్వు ఆగాక భ్రమర చీల తీసి ఖాసింబీ చేతిలో పెట్టింది. "నీ పలక ఎక్కడికి అందుతుందో నువ్వే పెట్టు" అంది. అంటూనే చేతులు వెనక్కి కట్టుకుంది పాపం.

పొద్దు వాలేలోపు గంట ఒకసారి మోగింది, ఒకసారి మోగలేదు. రేపటి సంగతి దేవుడెరుగు అనుకున్నారు.

మర్నాడు గది కిటకిటలాడింది. కిటికీల నిండా తలకాయలు. ముందు వరసలో సోమన్న, ఎంత కడిగినా పోని గ్రీజు మరకల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బయటినుంచి సాంబారు ఘుమఘుమలు.

"మోగకపోతే ఎలా స్వామీ?" అని ఎవరో పెద్దాయన దిగులుగా అడిగాడు.

"ఏకాదశి అనుకుందాం" అన్నారు గురువుగారు.

మద్దిలేటి గోళీ వదిలాడు. గడగడా దొర్లింది. పెంకులో తిరిగింది. గరిటెలో పడింది.

"ఊఁ!" అన్నారు ముగ్గురూ.

దారం లాగింది. పలకలు పటపటపటా వాలిపోయాయి. ఆఖరి పలక వెళ్లి చీలమీద వాలి, అలాగే ఆగింది. భ్రమర చెయ్యి దానంతటదే ముందుకు రాబోయింది. ఖాసింబీ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చీల ఊడింది.

ఠంగ్!

"ఊఁ!" అని గదంతా అరిచింది. కిటికీల్లో ఈలలు. మద్దిలేటి ఎగిరిన ఎగురుడికి పక్కన పేర్చి ఉన్న పలకలు కూడా పడ్డాయి. వడ్డనవాళ్లు బకెట్లతో పరుగెత్తారు.

జనం పలచబడ్డాక సోమన్న కూతురి తలమీద చెయ్యి వేశాడు. "ఇందులో నువ్వు చేసిందేదమ్మా?"

భ్రమర సుత్తివైపు చూసింది. గంటవైపు చూసింది. అది ఇంకా సన్నగా ఊగుతోంది. తర్వాత నేలమీద కూర్చుని వేలుపెట్టి చూపించింది.

"ఇది నాన్నా."

"ఈ పెంకా?"

సోమన్న గొంతుక్కూర్చున్నాడు. గోళీ తీసుకుని దోనెలో వదిలాడు. అది పెంకులో తిరిగి గరిటెలోకి దిగింది. మళ్లీ తీసి మళ్లీ వదిలాడు.

"భలే" అన్నాడు మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు.

భ్రమర తలెత్తి చూసింది. గురువుగారు చేతిలో విస్తరాకుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఊఁ" అన్నారు.